ఆదివారం నాన్న, సోమవారం నాన్న ఒక్కడే కావాలంటే

మా అబ్బాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం చిట్టీ డబ్బుల కోసం ఒకాయన మా గేటు దగ్గరకొచ్చాడు. ఆ నెల నా చేతిలో డబ్బు లేదు. హాల్లో సోఫా మీద కూర్చునే "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని వాడిని పంపించాను, వాడు వెళ్లి చెప్పి వచ్చాడు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలిద్దరూ సండే స్కూల్ కోసం పది ఆజ్ఞలు వల్లె వేస్తున్నారు. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" దగ్గరికి వచ్చేసరికి వాడు ఆగి నా వైపు చూశాడు. ఏమీ అడగలేదు, మళ్లీ చదువుకుంటూ పోయాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు రోజుల తర్వాత వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ చిట్టీ ఆయనకు ఫోన్ చేశాను. "మొన్న మీరు వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నానండి, పిల్లాడితో అబద్ధం చెప్పించాను, క్షమించండి, ఇరవయ్యో తారీఖుకి డబ్బు సర్దుతాను" అన్నాను. ఆ ఒక్క నిమిషం వాడికి నేర్పినంత, అంతకు ముందు ఐదేళ్లలో నేను చేసిన ప్రార్థనలన్నీ కలిపినా నేర్పలేదని ఇప్పటికీ నమ్ముతాను. పిల్లలకు తప్పే చేయని తండ్రి ఎలాగూ దొరకడు. తప్పును తప్పని ఒప్పుకుని వాళ్ల కళ్ల ముందే దిద్దుకునే తండ్రి దొరికితే చాలు. నేను కింద రాసినవన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి. నేను పాస్టర్ని కాను, మల్కాజిగిరిలో ఉంటూ రోజూ మెట్టుగూడలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగే మామూలు ఉద్యోగిని, ఇద్దరు పిల్లల తండ్రిని.

"కానీ" లేకుండా క్షమాపణ అడగండి

ఇది మొదట నేర్చుకోవాలి, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి. పిల్లాడి మీద అనవసరంగా అరిచారు, లేదా వాడు చేయని పనికి తిట్టారు. కోపం దిగాక వాడి దగ్గరికి వెళ్లి, నిలబడి కాకుండా వాడి ఎత్తుకు తగ్గట్టు కూర్చుని, "నిన్న నీ మీద అలా అరవడం తప్పు, నన్ను క్షమించు నాన్నా" అనండి. అక్కడ ఆపేయండి. "కానీ నువ్వు కూడా హోంవర్క్ చేయకుండా టీవీ ముందు కూర్చున్నావు కదా" అని ఒక్క ముక్క కలిపినా అది క్షమాపణ కాకుండా పోతుంది, మళ్లీ తిట్టే అవుతుంది. హోంవర్క్ సంగతి రేపు విడిగా మాట్లాడొచ్చు. అందరి ముందు తిట్టి ఉంటే అందరి ముందే అడగాలి, చాటుగా కాదు. వాడు వెంటనే "పర్వాలేదు డాడీ" అనాలని ఎదురుచూడకండి, ఒక్కోసారి రెండు రోజులు ముభావంగా ఉంటారు, ఉండనివ్వండి.

మా నాన్న ఎప్పుడూ క్షమాపణ అడగలేదు. గట్టిగా కొట్టిన మర్నాడు సాయంత్రం మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చి నా పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. అదే ఆయన అడిగిన క్షమాపణ అని నాకు పిల్లలు పుట్టాక అర్థమైంది. అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

"తండ్రి తగ్గితే పిల్లలకు భయం పోతుంది" అని మా సంఘంలో ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నాను, నాకు అలా జరగలేదు. మన పాపాలను మనం ఒప్పుకుంటే దేవుడు నమ్మదగినవాడు, క్షమిస్తాడు అని యోహాను మొదటి పత్రిక ఒకటో అధ్యాయం నుంచి మనమే పిల్లలకు చెప్తాం. ఒప్పుకోవడం అంటే ఎలా ఉంటుందో ఇంట్లో ఒక్కసారైనా చూడకపోతే వాళ్లకు ఆ వచనం అర్థమయ్యేది ఎలా?

ప్రార్థన పది నిమిషాలు చాలు, కానీ మీరు ఉండాలి

మన ఇళ్లలో చాలా వరకు కుటుంబ ప్రార్థన అమ్మ పనో, అమ్మమ్మ పనో అయిపోయింది. తిమోతికి విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకేల దగ్గర నుంచి వచ్చిందని పౌలు రాశాడు, అది గొప్ప సంగతే. అతని తండ్రి గురించి మాత్రం బైబిలు గ్రీసు దేశస్థుడని తప్ప మరో మాట చెప్పదు. మన పిల్లల కథలో కూడా నాన్న గురించి "సాఫ్ట్‌వేర్ ఇంజనీరు" అనో "బిజినెస్" అనో ఒక్క ముక్కే మిగిలిపోకూడదు. ఎఫెసీ 6:4లో పిల్లలను ప్రభువు బోధలో పెంచమని పౌలు పేరు పెట్టి పిలిచింది తండ్రులనే.

రాత్రి ఎనిమిదిన్నరకు అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది, నిజమే, నాకూ ఉంటుంది. రాత్రి కుదరకపోతే పొద్దున పెట్టుకోండి, స్కూల్ బస్సుకు ఇరవై నిమిషాల ముందు. రోజూ కుదరకపోతే వారానికి నాలుగు రోజులు పెట్టుకోండి కానీ ఆ నాలుగూ తప్పకండి. పిల్లలు చిన్నవాళ్లయితే మార్కు సువార్తతో మొదలుపెట్టండి, పదహారు అధ్యాయాలే, రోజుకు సగం అధ్యాయం చదివినా దాదాపు నెలలో అయిపోతుంది. పెద్దవాళ్లకు సామెతలు బాగుంటాయి, ముప్పై ఒక్క అధ్యాయాలు కాబట్టి ఏ తారీఖుకు ఆ అధ్యాయం. మా ఇంట్లో పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైనది డిసెంబర్ నెల: లూకా సువార్తలో ఇరవై నాలుగు అధ్యాయాలు కదా, 1వ తేదీ నుంచి రోజుకొకటి చదువుకుంటూ పోతే క్రిస్మస్ ముందు రాత్రికి పుస్తకం పూర్తవుతుంది. ఇంటి మీద స్టార్ కట్టిన రోజే మొదలుపెడతాం.

ఒక ఇబ్బంది అందరికీ ఉంది. పిల్లలు ఇంగ్లిష్ మీడియం, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు, మన బైబిలేమో గ్రాంథికంలో ఉంటుంది, "పండుకొనునప్పుడును లేచునప్పుడును" అంటే వాళ్లు బిక్క మొహం వేస్తారు. అప్పుడు నవ్వకండి, విసుక్కోకండి. వాళ్లు ఇంగ్లిష్‌లో చదువుతారు, నేను అదే వచనం తెలుగులో చదువుతాను, తర్వాత ఇద్దరం కలిసి మామూలు మాటల్లో చెప్పుకుంటాం. ఇలా చేస్తే నాయనమ్మ ప్రార్థన కూడా వాళ్లకు మెల్లగా అర్థమవడం మొదలైంది.

ఇంకొకటి, ఇది చాలామంది తండ్రులకు అలవాటు: ప్రార్థనలో పిల్లలను తిట్టడం. "ప్రభువా, వీడికి బుద్ధి దయచేయండి, ఫోన్ పట్టుకోకుండా, పెద్దల మాట వినేలా..." కళ్లు మూసుకున్న పిల్లాడికి అది దేవుడితో చెప్తున్న మాట కాదని బాగా తెలుసు. వాడికి చెప్పాల్సింది వాడికి చెప్పండి. ప్రార్థనలో వాడి పేరు ఎత్తినప్పుడు వాడి మనసులో ఉన్న సంగతి ఎత్తండి: రేపటి లెక్కల పరీక్ష, మాట్లాడడం మానేసిన ఫ్రెండు, టీమ్‌లోకి తీసుకోని కోచ్. బైబిల్లో యోబు తెల్లవారుజామునే లేచి ఒక్కొక్క బిడ్డ కోసం విడిగా బలి అర్పించేవాడు. అందరినీ కలిపి "నా పిల్లలు" అని సరిపెట్టలేదు.

ద్వితీయోపదేశకాండం 6:7లో ఇంట్లో కూర్చున్నప్పుడే కాదు, దారిలో నడిచేటప్పుడు కూడా ఈ మాటలు పిల్లలతో మాట్లాడమని ఉంది. మన ఊళ్లో దారికేం కొదవ! తార్నాక సిగ్నల్ దగ్గర కారులో ఇరుక్కున్న పదిహేను నిమిషాలను మించిన సమయం నాకు దొరకలేదు. ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పని పిల్లలు పక్కపక్కన కూర్చుంటే మాట్లాడతారు, కళ్లలోకి చూడక్కర్లేదు కదా. రేడియో ఆపేసి, "ఈ రోజు స్కూల్లో ఎవరికైనా బాధ కలిగిందా?" అని అడిగి ఊరుకోండి.

వాళ్లు చూస్తున్నవి

మనం చెప్పేవి పిల్లలు మర్చిపోతారు, చూసినవి మర్చిపోరు. ఆదివారం చర్చికి లేటవుతోందని యూటర్న్ దాకా వెళ్లకుండా రాంగ్ రూట్లో బండి తోలుకెళ్లి, లోపల "చట్టానికి లోబడండి" అనే వాక్యానికి ఆమెన్ అంటే వెనక సీట్లో ఉన్నవాడు రెండూ గుర్తు పెట్టుకుంటాడు. పదిహేనేళ్ల వాడికి యూత్ మీటింగ్‌కే కదా అని బండి తాళాలు ఇస్తున్న వాళ్లను నేనెరుగుదును. 2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు కూడా పడొచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, దేవుడి పని కోసమైతే తప్పు చేయొచ్చని పిల్లాడికి నేర్పినట్టే కదా.

పనిమనిషి గ్లాసు సంగతి కూడా చూసుకోండి. మీ వంటింట్లో ఆవిడకు టీ పోయడానికి విడిగా ఒక స్టీలు గ్లాసు, సింకు పక్కన బోర్లించి ఉందా? చాలా విశ్వాసుల ఇళ్లలో చూశాను, మా ఇంట్లో కూడా ఉండేది, అది ఎందుకుందో మేమెవరం ఎప్పుడూ ఆలోచించలేదు. మన తాతముత్తాతల్లో చాలామందిని ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజులుండేవి, వాళ్లు క్రీస్తు దగ్గరికి వచ్చిన కారణాల్లో అదీ ఒకటి. ఆ మనుషుల మనవలం మనమే విడి గ్లాసు పెడితే పిల్లలకు సువార్త గురించి ఏం చెప్తాం? మా అమ్మాయి అడిగిన రోజే ఆ గ్లాసు మిగతా వాటిలో కలిపేశాం. ఆవిడను పిల్లలు "అక్కా" అని పిలవాలి, వాచ్‌మన్‌ను "అంకుల్" అనాలి, మీరు "ఒరేయ్" అంటే వాళ్లూ అదే అంటారు.

పెళ్లి సంబంధాల మాటలప్పుడు ఇంకా జాగ్రత్త. క్రీస్తులో అందరూ ఒక్కటేనని గలతీ పత్రిక మూడో అధ్యాయం కంఠతా పట్టించి, మేనత్త కూతురి సంబంధం దగ్గర "క్రిస్టియనే, కానీ ఏమిట్లు?" అని మీరే కులం అడిగితే పక్క గదిలో పిల్లలకు వినిపిస్తుంది. కట్నం కూడా అంతే. దాన్ని కానుకలు అన్నా, ఆశీర్వాదం అన్నా పేరే మారుతుంది, 1961 నుంచి అది నేరం, మన వాక్యం ప్రకారమూ అన్యాయమే. ఆడపిల్ల ఉన్న తండ్రి కట్నాన్ని తిట్టి, మగపిల్లాడి పెళ్లికి నోరు మూసుకోవడం ఇద్దరు పిల్లలూ చూస్తారు.

చర్చి నుంచి ఇంటికి వచ్చి ఆదివారం చికెన్ కూర తింటూ పాస్టర్ గారి ప్రసంగాన్ని, ఆయన కొత్త కారుని, క్వయిర్‌లో పాడిన అమ్మాయి గొంతుని ముక్కలు ముక్కలు చేసే అలవాటు ఉంటే ఈ వారమే మానేయండి. పదిహేనేళ్లకు పిల్లలు చర్చికి రానంటారు, మనం యూత్ లీడర్‌ను తప్పు పడతాం. సంఘంలో నిజంగా తప్పు జరిగితే పెద్దల దగ్గరికి వెళ్లి మాట్లాడండి, ఇంటికొచ్చి "మాట్లాడాను" అని పిల్లలకు చెప్పండి, అప్పుడు దాన్నీ నేర్చుకుంటారు. పక్కింటి వాళ్ల బోనాల గురించి, కింద పోర్షన్ వాళ్ల నమాజు గురించి వెటకారం కూడా వద్దు. మన విశ్వాసం గట్టిదైతే ఇంకొకరిని చిన్నబుచ్చాల్సిన పని లేదు.

కానుక గురించి ఒక చిన్న మార్పు. కానుక సంచి వరుసలోకి వచ్చాక జేబులోంచి పది నోటు తీసి పిల్లాడి చేతిలో పెడితే, వాడు మీ డబ్బుని ఒక సంచిలో వేశాడు, అంతే. శనివారం రాత్రే వాడి పాకెట్ మనీలోంచి వాడే తీసి కవర్లో పెట్టుకోనివ్వండి, రెండు రూపాయలైనా సరే.

వాళ్ల అమ్మతో మీరు మాట్లాడే తీరు

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అందరికీ తెలుసు. పిల్లల ముందు భార్యను "నీకేం తెలుసు" అనే తండ్రి ఎన్ని వచనాలు నేర్పినా అమ్మాయి భయం నేర్చుకుంటుంది, అబ్బాయి ఆ మాట నేర్చుకుంటాడు. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు మీరు కడగండి, వారానికి మూడు రోజులైనా. అబ్బాయిని పక్కన నిలబెట్టుకుని కడగండి.

బెత్తం, మార్కులు

"బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి" అనే సామెత ప్రతి తండ్రికీ కంఠతా వచ్చు. "మీ పిల్లలకు కోపము రేపక" అనే ఎఫెసీ మాట అంత తొందరగా గుర్తు రాదు. ఇరవై మూడో కీర్తనలో కాపరి దుడ్డుకర్ర, దండం గొర్రెను "ఆదరించును" అని ఉంది, ఆ కర్రను చూస్తే గొర్రెకు ధైర్యం కలగాలన్నమాట. మీరు చెయ్యి ఎత్తితే పిల్లాడికి ఏం కలుగుతోందో చూసుకోండి. నేను కొట్టడం పూర్తిగా మానేశాను, నా అనుభవంలో నేను కొట్టిన ప్రతిసారీ అది దిద్దుబాటు కోసం కాదు, నా ఆఫీసు టెన్షన్ తీర్చుకోవడానికే. కోపం వస్తే బాల్కనీలోకి వెళ్లండి, నీళ్లు తాగండి, పది నిమిషాల తర్వాత శిక్ష నిర్ణయించండి. శిక్ష ఏమిటో ముందే చెప్పి ఉండాలి, చెప్పింది చేయాలి, అయిపోయాక ఆ సంగతి మళ్లీ ఎత్తకూడదు.

అలాగని అసలు అడగకుండా వదిలేయడమూ ప్రేమ కాదు. ఏలీ యాజకుడు కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసులు చేస్తున్న చెడ్డ పనులు తెలిసి కూడా అడ్డుకోలేదు. దావీదు రాజు తన కొడుకు అదోనీయాను "ఇలా ఎందుకు చేశావు?" అని ఒక్కసారి కూడా నొప్పించలేదని రాజుల మొదటి గ్రంథంలో ఉంది. ఇద్దరూ దేవుడి పనిలో ఉన్నవాళ్లే. బయట పరిచర్యలో తలమునకలైన తండ్రులు ఈ రెండు కథలూ ఇంకోసారి చదవండి.

మార్కుల విషయం మన ఊళ్లో మరీ కష్టం. ఇంటర్‌లో చేరగానే పిల్లలకు ఆదివారం కూడా పరీక్షలే, హాస్టల్‌లో ఉంటే ఆరాధన మాటే లేదు. నేను చెప్పేది ఒక్కటే, యేసు బాప్తిస్మం తీసుకుని నీళ్లలోంచి బయటికి రాగానే "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను" అని పరలోకం నుంచి మాట వినిపించింది. అప్పటికి ఆయన ఒక్క ప్రసంగం చేసినట్టు గానీ, ఒక్క రోగిని బాగు చేసినట్టు గానీ సువార్తల్లో లేదు. తండ్రి మాట పనికంటే ముందు వచ్చింది. కాబట్టి ఆ మాట ఫలితాలు వచ్చాక కాకుండా పరీక్షకు ముందు రోజు చెప్పండి: "ఎంత వచ్చినా నువ్వు నా బిడ్డవే, నిన్ను చూస్తే నాకు సంతోషం." మార్కులు తగ్గాక చెప్తే అది ఓదార్పులా వినిపిస్తుంది. పిల్లలు నిద్ర మానేసి, తిండి మానేసి, చావు మాటలు మాట్లాడుతుంటే ప్రార్థన చేయండి, దాంతో పాటు డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. సహాయం అడిగితే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

ఫోన్ గురించి క్లుప్తంగా: మీరు పాటించని రూల్ పెట్టకండి. రాత్రి తొమ్మిదిన్నరకు మా నలుగురి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌లో ఉంటాయి, నాది కూడా, కాల్ ఉన్న రోజు ముందే చెప్తాను. చెడ్డ వీడియోల గురించి, బెట్టింగ్ యాప్‌ల గురించి పన్నెండేళ్ల లోపే మీరే నోరు తెరవండి, సిగ్గుపడితే ఆ పాఠం ఇంకెవరో చెప్తారు. "ఎప్పుడైనా చూస్తే నాతో చెప్పు, కొట్టను" అని మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి.

బయటికి తీసుకెళ్లండి

ఏడాదికి ఒక్కసారైనా మెదక్ చర్చికి పిల్లలతో వెళ్లండి, జేబీఎస్ (సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్) నుంచి బస్సులున్నాయి, వంద కిలోమీటర్ల లోపే. గుడి ఎంత పెద్దదో చూపించి ఊరుకోకుండా అది ఎలా కట్టారో చెప్పండి. కరువు రోజుల్లో జనం ఆకలితో ఉంటే చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ వాళ్లకు ఊరికే పంచిపెట్టకుండా పని కల్పించి, ఆ కూలితో కడుపు నింపాడు. 1924 డిసెంబర్ 25న చర్చిని ప్రతిష్ఠించారు. లోపల రంగు అద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉన్నాయి, ఎండ ఉన్నప్పుడే వెళ్లాలి, పొద్దు వాలితే ఆ రంగులు కనబడవు. మా అబ్బాయి అక్కడ నేల మీద కూర్చుని "అయితే ఇది అన్నం పెట్టిన చర్చి" అన్నాడు. ఆ మాట నేను నేర్పలేదు.

బిడ్డ దూరమైతే

పెద్దయ్యాక చర్చికి రానంటారు, లేదా మీకు నచ్చని పెళ్లి చేసుకుంటారు, లేదా అసలు దేవుడే లేడంటారు. అప్పుడు మనలో చాలామంది "నా ముఖం చూడొద్దు" అంటాం. దావీదు అదే చేశాడు. కొడుకు అబ్షాలోమును యెరూషలేముకు రప్పించాడే కానీ, రెండేళ్లు ఒకే ఊళ్లో ఉన్నా ముఖం చూడనివ్వలేదు. ఆ మౌనంలోనే కొడుకు మనసు విరిగిపోయింది, తర్వాత తండ్రి మీదే తిరుగుబాటు చేసి ప్రాణం పోగొట్టుకున్నాడు. లూకా పదిహేనులో, తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి మాత్రం కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూశాడు. దూరంగా ఉండగానే కనిపించాడంటే, ఆయన రోజూ ఆ దారి వైపు చూస్తూ ఉండేవాడనే నాకు అనిపిస్తుంది.

మీ బిడ్డతో మాటలు ఆగిపోయి ఉంటే ఈ రాత్రి ఒక మెసేజ్ పెట్టండి. వచనం పంపకండి, సలహా వద్దు, చర్చికి రమ్మని కూడా వద్దు. "ఆదివారం మధ్యాహ్నం అన్నానికి రా నాన్నా, అమ్మ నీకిష్టమైన గోంగూర మటన్ చేస్తోంది" అనండి. వస్తే ఆ రోజు ప్రార్థన అన్నం ముందు చేసే నాలుగు మాటలతో సరిపెట్టండి. రాకపోతే వచ్చే ఆదివారం మళ్లీ పిలవండి.